గంగాళం మీద కూర్చున్న మనిషి

మా ముత్తాత నరసింగరావు సంస్థానంలో చెరువులకూ కాలువలకూ అధికారి. ఏ తూము ఎత్తాలన్నా దించాలన్నా ఆయన మాట కావాలి. మా తాత లక్ష్మణరావు చుట్టుపక్కల ఊళ్ళకు శిస్తు వసూలు చేసే మాలీపటేలు. ఆయన గుర్రం దిగితేగాని కచేరీలో పని మొదలయ్యేది కాదు. మా నాయన గోపాలరావు కాలానికి గుర్రమూ లేదు, కచేరీ లేదు. అయినా వనపర్తి సంతకు వచ్చిన పెద్దమనుషులు మా ఇంటి ముందు చెప్పులు విడిచి, అరుగెక్కి, ఆయనతో ఒక మాట మాట్లాడి పోయేవారు. ఈ పేర్లు ముందుగా రాయడానికి కారణం ఉంది. నేను చెప్పబోయే మనిషి ఆ అరుగు మీదికి ఏళ్ళ తరబడి చెప్పులతోనే ఎక్కింది.

ఆమె పోయిన సంగతి నాకు చెప్పింది ఆమె స్థానంలో వచ్చిన కుర్రవాడు. మున్సిపాలిటీలో దోమల పని చేసే మనిషి. గేటు బయటే నిలబడి, ఫోనెత్తి, వచ్చినట్టు రుజువుకు మా ఇంటి ఫోటో ఒకటి తీసుకుని వెళ్ళబోతున్నాడు. లోపలికి వచ్చి చూడవా అన్నాను. "మీ ఇంట్ల ఏముంటయి మేడం, అంత నీట్‌గనే ఉంటది" అన్నాడు. మర్యాదస్తుడు. ఆమె రావడం లేదేమని అడిగాను.

"ఆమెనా? మొన్న అమాస ముందర సచ్చిపాయె గద మేడం. గుండె ఆగిందంట. మీకు తెల్వదా?"

తెలియదు. తెలిసినా నేను చేసేదేమీ లేదు. ఆ మనిషి అంటే నాకు ఇష్టం లేదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలనుకునేవాళ్ళు వేరే ఉన్నారు, ఆ పని వాళ్ళు చేసుకోవచ్చు. ఆమె పేరు కూడా రాయను. మా నాయన తనకు గిట్టని మనిషి పేరు నోటితో పలికేవాడు కాదు. నాకూ అదే అలవాటు.

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. చీర కుచ్చిళ్ళు పైకెత్తి బొడ్లో దోపి, కాళ్ళకు మగవాళ్ళ రబ్బరు చెప్పులు వేసుకుని, ఒక చేత్తో మందు డబ్బా, ఇంకో చేత్తో పొడుగు కాడ గరిటె పట్టుకుని వచ్చేది. నీళ్ళు తీసి చూడడానికి సర్కారు ఇచ్చిన గరిటె అది. ఆమె చేతిలో అది లాఠీ అయింది. గేటు మీద కొట్టేది, డ్రమ్ము మీద కొట్టేది, కిటికీకి బిగించిన కూలరు మీద కొట్టేది. ఆమె ఏ ఇంట్లో ఉందో పక్క వీధివాళ్ళకు తెలిసేది. ఎవరి పెరట్లోకి పోవడానికైనా అడిగేది కాదు. కొబ్బరిచిప్ప కనిపిస్తే కాలితో తన్ని బోర్లించేది. పాత టైరు కనిపిస్తే ఇంటి యజమానిని పేరు పెట్టి పిలిచి, "ఇది ఎవరి మెడలెయ్యనీకె దాసినవ్?" అనేది.

ఇంకొక అలవాటు ఉండేది. ఎవరింట్లో నీళ్ళు ఇచ్చినా, తాగేముందు గాజుగ్లాసైతే వెలుతురుకు ఎత్తి, స్టీలుగ్లాసైతే వంచి, లోపలికి చూసేది. ఇచ్చిన ఇల్లాలు ఎదురుగా నిలబడి ఉండగానే. ఒక ఇంటిని ఇంతకన్నా బాగా అవమానించే పద్ధతి నాకు తెలియదు. నీళ్ళకు పేరుపడ్డ మా ఇంట్లో కూడా ఆమె అదే చేసింది.

నీళ్ళకు పేరు అని ఊరికే అనలేదు. మా అరుగు మీద రెండు ఇత్తడి గంగాళాలున్నాయి. ఒక్కోదానిలో పెద్దమనిషి కూర్చుని స్నానం చేయవచ్చు. దారిన పోయేవాళ్ళ దాహం కోసం ముత్తాత పెట్టించాడు. సంత బండ్లవాళ్ళు, కచేరీకి వచ్చిన రైతులు, మొక్కుకు పోయేవాళ్ళు అందరూ అక్కడ ఆగి తాగినవాళ్ళే. ఇప్పుడు సీసా నీళ్ళు వచ్చాయి. అయినా ఆటోవాళ్ళు, తోపుడు బండి మీద కూరలమ్మే ఆమె, బస్సు దిగి ఎండలో నడిచి వచ్చే ముసలివాళ్ళు ఈనాటికీ ఆగుతారు.

ఆ గంగాళాలకు మా ఇంట్లో ఒక నియమం ఉంది. వాటి అడుగు బయటపడకూడదు. పొద్దున్నే ఉన్న నీళ్ళ మీదే కొత్త నీళ్ళు పోయాలి. బయట చింతపండుతో తోమి మెరిపిస్తాం, లోపల తోమం. తోమాలంటే ఖాళీ చేయాలి. ఖాళీ చేసి బోర్లించేది ఒకే సందర్భంలో, ఇంట్లో మనిషి చనిపోయినప్పుడు. కర్మలు ముగిసేదాకా అవి బోర్లించే ఉంటాయి. తాత పోయినప్పుడు ఊళ్ళకు మనుషుల్ని పంపలేదట. రోడ్డున పోయే బండ్లవాళ్ళు బోర్లించిన గంగాళాలు చూసి, ఎడ్లను ఆపి, తలపాగాలు తీసి, ఎక్కడి ఊరికి అక్కడ కబురు తీసుకుపోయారు. నాయన పోయినప్పుడు నేను కళ్ళారా చూశాను. మధ్యాహ్నానికల్లా వాకిలి నిండింది.

ఆమె తాత మా ఇంట్లో నీళ్ళ కావడి మోశాడు. ఊరి బావి నుంచి ఆ రెండు గంగాళాలూ నింపడం ఆయన పని. పండుగకు బట్టలు, పంటకు గింజలు ముట్టేవి. మావాళ్ళు ఆయన మీద చెయ్యెత్తలేదు, నోరు పారేసుకోలేదు. మేం అనుకునేది అది. ఆమె అనుకునేది వేరు.

మొదటిసారి వచ్చిన రోజు గరిటెతో గంగాళం అంచు మీద ఠంగున కొట్టింది.

"అక్కా! ఎవరన్న ఉన్నరా లోపల?"

నన్ను అక్కా అని పిలిచేది మా తమ్ముడొక్కడే. మిగిలినవాళ్ళు దొరసాని అంటారు, కాలేజీ చదివినవాళ్ళు మేడం అంటారు. బయటికి వచ్చి చూస్తే చెప్పుల కాళ్ళతో అరుగు మీద నిలబడి ఉంది.

"చెప్పులు కింద విడువు" అన్నాను.

"ఇడుస్త గని, ముందుగాల గిది జూడు."

గరిటెతో నీళ్ళు ముంచి, కొంగులోంచి ఒక ప్లాస్టిక్ గ్లాసు తీసి, అందులో పోసి నా ముఖం ముందు పట్టింది. నీళ్ళలో వెంట్రుకంత సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ మెలికలు తిరుగుతున్నాయి.

"నీళ్ళన్నాక పురుగులుంటాయి" అన్నాను.

"యాడ వడితె ఆడ ఉండయక్కా. నువ్వు సాదుతున్నవ్ గన్క ఉన్నయ్. ఒక్క వారం ఆగు, రెక్కలొచ్చి నీ చెవుల కాడ పాట వాడ్తయ్."

అంతటితో ఊరుకుంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆ గ్లాసు పట్టుకుని రోడ్డు మీదికి దిగింది. కూరల బండి దగ్గర నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు.

"చూడుండ్రే, దొరగారింటి పిల్లలు! ఆ ఇంట్ల ఉయ్యాల గట్టక ఎన్నేండ్లాయెనో. ఇప్పుడు జూడు, ఒక్కపారే గింతమంది!"

కూరల ఆమె నవ్వింది. నన్ను చూసి నోరు మూసుకుంది గానీ నవ్వు ఆగలేదు. నేను పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి భార్య పిల్లలు కలగకముందే పోయింది. ఇది ఊరందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

తిరిగి వచ్చాక అన్నాను. "మీ తాత ఈ ఇంటి అన్నం తిన్నాడు."

"తిన్నడు" అంది, ఏమాత్రం తడుముకోకుండా. "కావడి మోసి మోసి భుజం మీద కాయ గాసి గడ్డ లెక్క అయ్యె. సచ్చేదాంక ఆ పక్కకు ఒరిగి పండుకోలె. ఆయన నింపిండు, నేను గుమ్మరిస్త. సరికి సరి."

ఇవి గుమ్మరించేవి కావని, బోర్లించడానికి మా ఇంట్లో అర్థం వేరే ఉందని చెప్పాను. ఆమె వినలేదు అనలేను. విని, నీళ్ళ మీదికి వంగింది. తర్వాత గంగాళం లోపల, నీటి అంచుకు కొంచెం పైన, వేలితో రాసి చూపించింది. వేలికి నల్లటి నలుసు అంటింది.

"గివి గుడ్లు. నువ్వు మీదికెల్లి నీళ్ళు వోస్తె పోవు. ఎండినా సావవు. మల్ల నీళ్ళు తగిల్తె లేస్తయ్. గుమ్మరిచ్చి, పీసు వెట్టి రుద్దితెనే పోతయ్. పైన మెరుగు వెట్టుడు కాదు, లోపల రుద్దు."

ఆ మాట నిజమేనని తర్వాత తమ్ముడు చెప్పాడు. వాడు నాగర్‌కర్నూల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. పగటి పూట కుట్టే చారల దోమ నిలవ నీటి అంచునే గుడ్లు పెడుతుందట. నిజమైతే అవుగాక. తాగే నీళ్ళలో వేలు పెట్టి చూపించే నిజం నాకు అక్కరలేదు అన్నాను. మందు పోస్తానంటే, మనుషులు తాగే నీళ్ళలో పోయనివ్వనన్నాను. తమ్ముడు మధ్యేమార్గంగా పాత పంచెలు చింపి రెండు గంగాళాల మీదా కప్పాడు. ఆ బట్ట సాయంత్రానికి కుంగి నీళ్ళను తాకేది. ఎవరో తాగి సగం తెరిచి పోయేవారు. ఆమె వచ్చినప్పుడల్లా ఆ బట్టను గరిటె కాడతో పైకెత్తి చూసి, "దోమకు పందిరేసిన్రు" అనేది.

ఆమెను నేను ఒక్కదాన్నే ద్వేషించానని అనుకోవద్దు. అందుకు తగిన కారణాలు చాలామందికి ఉండేవి. పెద్ద నాయకులు ఉండే వీధిలో పొగ మిషను కొట్టే రోజున ఆమె కొంగు ముక్కుకు కట్టుకుని, ఊరేగింపు ముందు నడిచినట్టు పొగ ముందు నడిచేది. ఫోటో తీసేవాళ్ళు వస్తే నడక నెమ్మదయ్యేది. మా వీధిలో పొగ ఎప్పుడూ కొట్టలేదేమని అడిగితే, "పొగకు దోమ సావదక్కా, పక్క వీధికి వోతది. మీ వీధికే వస్తుండొచ్చు" అని నవ్వింది. ఒకసారి పని మీద ఆమె ఉండే వాడకు వెళ్ళాను. ఆమె చిన్నమ్మ ఇంటి ముందు, మేనత్త ఇంటి ముందు మూతల్లేని డ్రమ్ములు వరసగా ఉన్నాయి. తర్వాత వచ్చినప్పుడు ఆ మాట ఎత్తాను.

"మాకు నల్లా ఎప్పుడొస్తదో తెల్వదక్కా. వాళ్ళ నీళ్ళు గుమ్మరిస్తె వాళ్ళు నన్ను గుమ్మరిస్తరు" అంది.

అంటే అధికారం మా మీద. చనువు వాళ్ళతో. మా తాత కచేరీలో ఇలాంటి నౌకరు ఒక్క పూట నిలిచేది కాదు.

పైగా ఆ పనికి సర్కారు ఎంచుకున్న రోజు శుక్రవారం. మా ఇంట్లో శుక్రవారం పొద్దుపోయాక ఎవరికీ ఉప్పు కూడా చేబదులు ఇవ్వం. ఆ రోజే ఇంటింటా నిలవ నీళ్ళు పారబోయాలని మైకులో చెప్పించేవారు. ఆమె శుక్రవారం తప్పేది కాదు. గరిటె చప్పుడు వినబడగానే నేను అరుగు మీదికి వచ్చి గంగాళాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆమె నన్ను చూసేది. నేను ఆమెను చూసేదాన్ని. "కావలి వడ్డదిరో దొరసాని" అని ఎవరూ లేని వీధిలోకి చెప్పి పోయేది.

ఆ ఏడు వానలు పడి ఆగి, మళ్ళీ పడ్డాయి. తమ్ముడికి జ్వరం వచ్చింది. కనుగుడ్ల వెనక నొప్పి అన్నాడు, ఒళ్ళంతా విరిచినట్టుంది అన్నాడు. సర్కారు దవాఖానలో రక్తం చూసి డెంగ్యూ అన్నారు. నీళ్ళు, మజ్జిగ, గంజి విడవకుండా తాగించమన్నారు. జ్వరం బిళ్ళ తప్ప ఒళ్ళునొప్పుల బిళ్ళలేవీ వేయవద్దన్నారు. కడుపులో నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, ఎక్కడ రక్తం కనిపించినా ఆ క్షణమే తీసుకురమ్మన్నారు. జ్వరం తగ్గిందని నిమ్మళపడవద్దని, తగ్గే వేళే ప్రమాదమని కూడా చెప్పారు. నాకు ఈ లోకంలో ఉన్నది తమ్ముడొక్కడే. వాడు పోతే నరసింగరావు ఇంట్లో మిగిలేది నేనొక్కదాన్ని.

శుక్రవారం వచ్చింది. నేను వాడి నుదుటి మీద తడిబట్ట మారుస్తూ గదిలో ఉన్నాను. కుర్చీ వేసుకుని కావలి కూర్చునే తీరిక లేదు. బయట నీళ్ళు మెట్ల మీదుగా దూకుతున్న చప్పుడు వినబడి పరిగెత్తాను.

ఒక గంగాళం బోర్లించి ఉంది. రెండోదాన్ని మున్సిపాలిటీ నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు పక్కకు ఒరిగించి పట్టుకున్నారు. దాని నోట్లోంచి రెండు రబ్బరు చెప్పులు, రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. మిగతా మనిషి లోపల ఉండి పీచుతో రుద్దుతోంది. రుద్దడం అయ్యాక వెనక్కి పాక్కుంటూ వచ్చి, నిలబడి, కాలితో ఒక్క తోపు తోసి దాన్ని కూడా బోర్లించింది. నన్ను చూసింది. చూసి, దాని మీద ఎక్కి కూర్చుంది.

"లే" అన్నాను.

"లేవ."

"లోపల మనిషి జ్వరంతో పడి ఉన్నాడు. వీటిని బోర్లిస్తే ఏమని అర్థమో నీకు తెలుసు. మీ తాత చెప్పే ఉంటాడు."

"చెప్పిండు. గందుకే ఇన్నొద్దులు ఆగిన. ఇగ ఆగ" అంది. "మీ ఇంట్ల కేసు వచ్చింది. ఈ సుట్టు ఇరవై ఇండ్లకు మీ దోమలే వోతయ్. ఎండ తగలాలె. పొద్దుమీకేదాంక ఎండనియ్యి."

గంగాళాలు లేపి పెట్టమని ఆ ఇద్దరు మగవాళ్ళకు చెప్పాను. ఒకడు ఆమె వైపు చూసి తల గోక్కున్నాడు. "గంగాళం లేపుతం మేడం. ఆమెను లేపుడు మాతోని గాదు" అన్నాడు.

ఆమె బొడ్లోంచి వక్కపొడి తీసి నోట్లో వేసుకుంది. ముత్తాత చేయించిన గంగాళం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని వక్క నమిలింది.

అదే సమయానికి వీపనగండ్ల నుంచి మా కౌలుదారూ అతని భార్యా యూరియా కోసం వనపర్తి వచ్చి, మా ఇంటి మీదుగా పోతున్నారు. అప్పట్లో మా చేను దున్నేది వాళ్ళే. అతను రోడ్డు మీద ఆగిపోయాడు. నెత్తికి చుట్టిన తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని భార్య చేతిలో సంచీ కింద పడేసి, రెండు చేతులా రొమ్ము బాదుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"అయ్యో చిన్న దొరా! బంగారమసుంటి దొరా! నిన్న మొన్న గద మా పిల్లకు సదువు జెప్పితివి! గిట్లెట్ల వోతివయ్యా మమ్ముల ఇడిసి!"

ఆ ఏడుపు విని టీ కొట్టువాడు వచ్చాడు, ఎదురింటివాళ్ళు వచ్చారు. ఒకామె అప్పుడే నా చేయి పట్టుకుని, "ఎప్పుడైంది దొరసానీ?" అంది. నేను చేయి లాక్కున్నాను. తమ్ముడి చావు నా కళ్ళ ముందు వాకిట్లో జరిగిపోతున్నట్టే ఉంది.

గంగాళం మీద కూర్చున్న మనిషి వక్క ఉమ్మి అరిచింది.

"ఏయ్! ఎవలకేడుస్తున్నవే?"

"చిన్న దొర పాయె గద తల్లీ!"

"ఎవడు జెప్పిండు?"

"ఇయి బోర్లిచ్చిన్రు గద!"

"నేను బోర్లిచ్చిన. సచ్చిండని గాదు, సావద్దని. నోరు మూసుకొని ఇంటికి వోయి నీ కుండలు గూడ గుమ్మరియ్యి పో!"

కౌలుదారు భార్య ఏడుపు సగంలో ఆగిపోయింది. ఎటు చూడాలో తెలియక సంచీ ఎత్తుకుంది. అతను తువ్వాల మళ్ళీ తలకు చుట్టాలో వద్దో తేల్చుకోలేక చేత్తోనే పట్టుకున్నాడు. లోపల్నుంచి తమ్ముడి గొంతు సన్నగా వినిపించింది.

"అక్కా, పోయిందెవరు?"

గదిలోకి వెళ్ళాను. కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.

"ఆమె ఏడుపు బాగుండె. పిల్లకు సదువు జెప్పిన్నని కూడ యాది జేసింది" అన్నాడు. "ఇంకొంచెం ఏడ్వనియ్యకపోతిరి" అని నవ్వాడు. ఆ నవ్వులో పళ్ళ సందుల్లో రక్తం కనిపించింది.

నేను కారు పిలవడానికి ఫోను వెతుక్కుంటుంటే ఆమె గదిలోకి వచ్చింది. చెప్పులతోనే. చిగుళ్ళు చూసి, బయటికి పోయి, పక్కింటి బొప్పాయి చెట్టు ఆకులు తెంపి, నా రోట్లోనే దంచి, ఆకుపచ్చటి రసం గ్లాసు నిండా పట్టుకొచ్చింది.

"ఇది తాగిపియ్యి. మా వాడల అందరం గిదే తాగుతం. పట్నం దవాఖాన గూడ అక్కర్లే. తెల్లారేవరకు రక్తం అదే లేస్తది."

వద్దనేలోపు వాడి నోటికి పట్టేసింది. రెండు గుక్కలు తాగాడు. తాగినదంతా, అంతకుముందు నేను చెంచాతో పోసిన గంజితో సహా వాంతి చేసుకున్నాడు. నేను ఆ గ్లాసు లాక్కుని కిటికీలోంచి పారేశాను.

"నీళ్ళు గుమ్మరించడం వరకే నీ పని. మనుషుల జోలికి రాకు" అన్నాను. ఆమె గరిటె తీసుకుని బయటికి పోయింది. డాక్టరు చెప్పిన మాట నాకు గుర్తుంది, రక్తం కనిపిస్తే ఆ క్షణమే. కారు వచ్చింది. కౌలుదారూ నేనూ తమ్ముణ్ణి ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. సంత రోజు. వీధి చివర ఆటోలు, తోపుడు బండ్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. చూస్తే ఆమె చౌరస్తా మధ్యలో నిలబడి, గరిటె పైకెత్తి, ఆటోల ముందు భాగాల మీద ఫట్ ఫట్ మని కొడుతూ దారి తీయిస్తోంది. ఒక బస్సును కూడా ఆపింది. డ్రైవరు తిట్టాడు. అంతకన్నా పెద్ద తిట్టు తిరిగి తిన్నాడు. మా కారు ఆమె పక్క నుంచి పోయింది. నేను కిటికీ అద్దం దించలేదు.

వనపర్తిలో సెలైను పెట్టి హైదరాబాదుకు పంపారు. అక్కడి డాక్టరు ఆకురసం సంగతి విని నా మీద కేకలేశాడు. ఒంట్లో నీళ్ళు నిలవక ప్రమాదంలో పడే మనిషికి వాంతి చేయిస్తారా అన్నాడు. నేను దంచలేదని చెప్పలేదు. నా ఇంట్లో, నా రోట్లో దంచింది కాబట్టి ఆ తిట్లు నేనే పడ్డాను. ఇంకొంత ఆలస్యమైతే చేతుల్లో ఉండేది కాదని కూడా అన్నాడు. తమ్ముడు చాలా రోజులు అక్కడే ఉన్నాడు. ఒక దశలో వాడు నన్ను గుర్తుపట్టలేదు. తర్వాత మెల్లగా కోలుకున్నాడు. బతికాడు.

మేం తిరిగి వచ్చిన వారమే ఆమె వచ్చింది. గరిటె లేదు. అరుగు మీద కూర్చుంది.

"బతికిండా? నా వల్లనే బతికిండు" అంది.

"డాక్టర్ల వల్ల బతికాడు."

"డాక్టర్లు పైసలు దీస్కున్నరు. నేనేం దీస్కోలే. నీళ్ళన్న ఇయ్యి."

వంటింట్లోంచి గాజుగ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఎత్తి వెలుతురుకు పట్టింది. తిప్పి చూసింది.

"ఏమైనా కనిపించాయా?" అన్నాను.

"లెవ్వు" అని గుటగుటా తాగింది. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుంది. "దొరోరింట్ల నీళ్ళు తియ్యగుంటయని మా తాత అంటుండె. గంత ఏం లేదు."

లేచి పోయింది. నేను కృతజ్ఞత చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆకురసం గురించి ఆమె క్షమాపణ చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ తర్వాత కూడా ఆమె శుక్రవారం శుక్రవారం వచ్చింది, చెప్పులతో ఎక్కింది, గరిటెతో కొట్టింది. తేడా ఒక్కటే. ఆమె వచ్చేసరికే తమ్ముడూ నేనూ గంగాళాలు ఖాళీ చేసి, లోపల పీచుతో రుద్ది, బోర్లించి ఉంచేవాళ్ళం. మొదట్లో రోడ్డున పోయేవాళ్ళు ఆగేవారు. ఒక ముసలాయన వడ్డేపల్లి నుంచి వచ్చి, వాటిని చూసి చేతులు జోడించి, నేను బయటికి రాగానే జడుసుకున్నాడు. "ఉన్నరా తల్లీ" అన్నాడు. ఉన్నామని చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఆగడం మానేశారు. ఆటోవాళ్ళు ఒకరితో ఒకరు, "ఇయ్యాల శుక్రారం, ఆడ నీళ్ళుండయ్" అనుకుంటూ పోతారు. రేపు నేను పోయినా, తమ్ముడు పోయినా, బోర్లించిన గంగాళాలు చూసి ఎవరూ తలపాగా తీయరు. ఆ రోజు ఏ వారమో అనుకుంటారు అంతే.

ముత్తాత నుంచి మాకు వచ్చిన ఆ గుర్తును పోగొట్టింది ఆమె. ఇంకెవరైనా పోగొడితే తిరిగి నిలబెట్టుకునేదాన్ని. ఆమె చెప్పింది నిజం. నీళ్ళు నిలవ ఉంచితే ఆ దోమ మళ్ళీ పుడుతుంది, మళ్ళీ ఎవరినో కుడుతుంది. కనుక గంగాళాలను మళ్ళీ పాత పద్ధతిలో నింపలేను. నా కోపం తగ్గకపోవడానికి కారణం ఇదే. ఆమె అబద్ధమాడి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

ఆమె పోయిందని ఆ కుర్రవాడు చెప్పిన రోజు సాయంత్రం తమ్ముడు వాళ్ళ వాడకు వెళ్ళి పలకరించి వచ్చాడు. నేను వెళ్ళలేదు.

"ఒక్కపారి వస్తే ఏం పోతుండె అక్కా?" అన్నాడు.

"నువ్వు వెళ్ళావు కదా" అన్నాను.

ఆమె బిడ్డ ఏడుస్తూనే వాణ్ణి ఒక మాట అడిగిందట. దవాఖాన ఖర్చులకు గంగాళాలు అమ్ముకున్నారని వాడలో అనుకుంటున్నారు, నిజమేనా అని. తమ్ముడు లేదన్నాడట. లేదు. ఇత్తడి వ్యాపారి వచ్చిన మాట నిజమే, తూకానికి అడిగాడు, గేటు దాటి లోపలికి రానివ్వలేదు. తమ్ముడి వైద్యం కోసం మేం అమ్మింది వీపనగండ్ల చేను. మాకు మిగిలిన ఆఖరి భూమి అదే.